విత్తనం మోసం చేస్తే జరిమానా ఖజానాకు, నష్టం రైతుకా? కొత్త విత్తన ముసాయిదాపై అభ్యంతరాలు

మిర్చితోట (ఖమ్మం జిల్లా) | నవంబరు 22, 2025, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. కేంద్ర వ్యవసాయ శాఖ విత్తనాల బిల్లు–2025 ముసాయిదాను ఈ నెలలో ప్రజల ముందు పెట్టింది. 1966 నాటి విత్తన చట్టం, 1983 నాటి విత్తన నియంత్రణ ఉత్తర్వు రెండింటి స్థానంలో ఇది వస్తుంది. డిసెంబరు 11 లోగా ఎవరైనా అభిప్రాయం పంపవచ్చు. నేను పంపబోతున్నాను. ముందుగా ఇక్కడ పెడుతున్నాను, తప్పులుంటే దిద్దండి.

నా సంగతి చెబుతాను. 2023 వానాకాలంలో మూడు ఎకరాల్లో మిరప వేశాను. పది గ్రాముల ప్యాకెట్లు ముప్పై కొన్నాను, బిల్లు తీసుకున్నాను. నారు బాగా మొలిచింది. తోట నడుము ఎత్తు లేచింది, చూసిన వాళ్లందరూ ఈ ఏడు నీ పంట పండిందన్నారు. పూత దశ దాటాక తెలిసింది. సగం మొక్కలకు కాయ పట్టలేదు. పట్టిన వాటిలోనూ కొన్ని పొట్టిగా, కొన్ని లేత రంగులో, ఒక్కో సాలులో నాలుగు రకాలు. విత్తన కంపెనీ ప్రతినిధి వచ్చి నల్ల తామర పురుగు అన్నాడు. గట్టుకు అవతల మా పెదనాన్న కొడుకు తోట ఉంది. అదే నీరు, అవే మందులు, విత్తనం మాత్రం వేరే. ఆ తోట విరగకాసింది. అది చూపిస్తే వాతావరణం అన్నాడు. గట్టుకు ఇటు ఒక వాతావరణం, అటు ఇంకొకటి ఉంటుందా?

ఉద్యాన అధికారి పద్దెనిమిది రోజులకు వచ్చారు. శాస్త్రవేత్తలు వచ్చేసరికి ఇంకో నెల. అప్పటికి ఆకు ముడుచుకుపోయింది, తోట ఎండుముఖం పట్టింది. "ఇప్పుడు చూసి విత్తనం లోపమని రాయలేం" అన్నారు. ఎకరాకు లక్షన్నర పెట్టుబడి. రూపాయి వెనక్కి రాలేదు. ఖాళీ ప్యాకెట్లు, బిల్లు ఇప్పటికీ దాచాను.

ముసాయిదాలో 30 లక్షల రూపాయల దాకా జరిమానా, మూడేళ్ల దాకా జైలు అని ఉంది. పత్రికలన్నీ దాన్నే పెద్ద అక్షరాల్లో వేశాయి. నాకు అర్థం కానిది ఒకటే. జరిమానా ప్రభుత్వ ఖజానాకు పోతుంది. నా నాలుగున్నర లక్షలు ఎవరిస్తారు? నేరాలను చిన్నవి, ఒక మోస్తరువి, పెద్దవి అని అంత వివరంగా విడదీసిన ముసాయిదాలో రైతుకు నష్టపరిహారం ఎలా అందుతుంది, ఎన్నాళ్లలో అందుతుంది అన్నది ఆ స్పష్టతతో లేదు. వ్యాపారం సులభం కావడానికి చిన్న తప్పులను నేరాల జాబితాలోంచి తీసేస్తున్నామని మాత్రం స్పష్టంగా చెప్పారు. ఈ రూపంలో బిల్లును నేను వ్యతిరేకిస్తున్నాను.

---

కృష్ణాడెల్టా | నవంబరు 22, రాత్రి 9:25

మీ బాధ చదివి మనసు కలుక్కుమంది. అయితే బిల్లు మొత్తాన్ని తోసిపుచ్చవద్దండీ. ప్రతి ప్యాకెట్టు మీద క్యూఆర్ కోడ్ రాబోతోంది. ఏ పొలంలో పండింది, ఎవరు శుద్ధి చేశారు, ఎవరి చేతులు మారింది అన్నది ఫోనులో కనిపిస్తుంది. పాత చట్టం ప్రకారం మొదటి తప్పుకు జరిమానా 500 రూపాయల లోపు. రెండోసారి దొరికితే వెయ్యి లోపు, లేదా ఆరు నెలల దాకా జైలు. ఇన్నేళ్లుగా అంతే. ఇవాళ ఒక్క బీటీ పత్తి ప్యాకెట్టు 901 రూపాయలు! దాని కంటే ముప్పై లక్షలు మేలు కాదా?

---

మిర్చితోట | నవంబరు 22, రాత్రి 9:41

మేలే. క్యూఆర్ కోడ్ కూడా మంచిదే. దొంగ ఎవరో తెలుస్తుంది. పోయిన సొత్తు ఇంటికి రావాలి కదా అన్నది నా మాట.

---

వినియోగ న్యాయవాది (కర్నూలు) | నవంబరు 23, ఉదయం 6:50

మిర్చితోట గారూ, సరైన చోట వేలు పెట్టారు. ఈ హక్కు మనకు ఎలా వచ్చిందో తెలిస్తే దాన్ని ఎందుకు గట్టిగా పట్టుకోవాలో తెలుస్తుంది. కాస్త పొడవుగా రాస్తాను.

1966 చట్టంలో రైతుకు పరిహారం అన్న మాటే లేదు. విత్తనం నాసిరకమైతే అధికారి కేసు పెడతాడు, కోర్టు జరిమానా వేస్తుంది. రైతు సాక్షిగా నిలబడాలి, అంతే. అందుకే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని వేర్వేరు జిల్లాల రైతులు వినియోగదారుల ఫోరాలకు వెళ్లారు. ఎదురుగా ఉన్నది చిన్న కంపెనీ కాదు, కేంద్ర ప్రభుత్వ రంగంలోని నేషనల్ సీడ్స్ కార్పొరేషన్. విత్తనాలకు ప్రత్యేక చట్టం ఉంది కాబట్టి వినియోగదారుల ఫోరానికి అధికారం లేదని కార్పొరేషన్ వాదించింది. రైతు వాణిజ్యం కోసం కొన్నాడు కాబట్టి వినియోగదారుడే కాడంది. ఒప్పందంలో మధ్యవర్తిత్వం షరతు ఉందంది. విత్తనం నమూనాను ల్యాబ్‌కు పంపలేదు కాబట్టి లోపం రుజువు కాలేదంది.

2012 జనవరి 16న సుప్రీంకోర్టు ఈ నాలుగింటినీ కొట్టివేసింది. విత్తన చట్టంలో పరిహారానికి దారి లేనప్పుడు వినియోగదారుల చట్టం ఆ దారి చూపుతుంది, రెండూ పక్కపక్కన నడుస్తాయి అంది. జీవనోపాధి కోసం సాగు చేసుకునే రైతు వినియోగదారుడే అంది. నమూనా గురించి చెప్పిన మాట పల్లెలో పుట్టిన ఎవరికైనా నచ్చుతుంది. కొన్న విత్తనం చెడ్డదవుతుందేమోనని ముందే అనుమానించి, పరీక్ష కోసం కొంత దాచిపెట్టాలని ఏ రైతు నుంచీ ఆశించలేం. కొన్నదంతా చల్లుకుంటాడు. అదే లాటు, అంటే ఒకే దఫాలో తయారైన, విత్తనం కంపెనీ దగ్గర ఉంటుంది, కావాలంటే అది పరీక్ష చేయించుకోవచ్చు.

ఇప్పుడున్న 2019 వినియోగదారుల చట్టంలోనూ ఆ సూత్రం 100వ సెక్షన్‌లో ఉంది: ఇది ఇతర చట్టాలకు అదనం, వాటికి అడ్డు కాదు. పైగా ఆరవ అధ్యాయంలో లోపమున్న వస్తువు వల్ల జరిగిన నష్టానికి తయారీదారు బాధ్యత ఏమిటో విడిగా రాశారు. సరుకు గురించి రాతపూర్వకంగా ఇచ్చిన హామీ నిలబడకపోతే తన అజాగ్రత్త ఏమీ లేదని కంపెనీ రుజువు చేసుకున్నా బాధ్యత తప్పదు.

ఇక కొత్త బిల్లు. 2004లో రాజ్యసభలో పెట్టిన విత్తన బిల్లులో, 2019 నాటి ముసాయిదాలో, విత్తనం చెప్పినట్టు పని చేయకపోతే రైతు వినియోగదారుల చట్టం కింద పరిహారం కోరవచ్చని ఒక నిబంధన ఉండేది. చట్టంలో ఆ వాక్యం ఉండటానికీ లేకపోవడానికీ చాలా తేడా ఉంది. ప్రత్యేక చట్టం కొత్తగా, సమగ్రంగా వచ్చినప్పుడల్లా కంపెనీల న్యాయవాదులు మొదట వేసే వాదన ఇదే: "ఈ విషయానికి ఈ చట్టమే, మిగతా తలుపులు మూసుకున్నాయి." 2012 తీర్పు పాత చట్టం మీద వచ్చింది. కొత్త చట్టం కింద మళ్లీ జిల్లా వినియోగదారుల కమిషన్ (పాత ఫోరానికి ఇప్పటి పేరు) నుంచి ఢిల్లీ దాకా రైతు ఎందుకు నడవాలి? ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది.

---

విత్తనాల అంగడి | నవంబరు 23, ఉదయం 8:15

నేను 22 ఏళ్లుగా ఒక మండల కేంద్రంలో విత్తనాల దుకాణం నడుపుతున్నాను. నా మాట కూడా వినండి. ప్యాకెట్టు సీలు వేసి వస్తుంది. లోపల ఏముందో నాకు కనిపించదు. పంట పోతే కంపెనీ వాళ్లు ఎక్కడో ఉంటారు, నేను మాత్రం బజారులో ఉంటాను. ఒకసారి యాభై మంది రైతులు నా షట్టరు ముందు కూర్చున్నారు. వాళ్లలో సగం మంది మా బంధువులే. వాళ్ల కోపం తప్పని నేను అనను. కేసులో మొదటి ప్రతివాదిగా నా పేరే ఉంటుంది, వాయిదాలకు తిరిగేది నేనే. పరిహారం నిబంధన రాయమని అడిగేటప్పుడు సీలు తెరవని చిల్లర వ్యాపారిని వేరుగా చూడమని కూడా రాయండి.

---

వినియోగ న్యాయవాది (కర్నూలు) | నవంబరు 23, ఉదయం 9:02

మీ అభ్యర్థనలో న్యాయం ఉంది, చట్టంలో దానికి ఆధారమూ ఉంది. 2019 చట్టం 86వ సెక్షన్ ప్రకారం అమ్మకందారు బాధ్యత కొన్ని సందర్భాల్లోనే వస్తుంది. సరుకును మార్చడం, తయారీదారు ఇచ్చిన దానికి మించి సొంతంగా హామీ ఇవ్వడం, నిల్వలో తగిన జాగ్రత్త తీసుకోకపోవడం, తయారీదారు ఎవరో తేలకపోవడం వంటివి. కాబట్టి బిల్లు ఇవ్వండి, లాటు నంబరు దాని మీద రాయండి, విత్తనాన్ని రేకుల షెడ్డులో ఎరువుల బస్తాల పక్కన పెట్టకండి. బిల్లు ఇవ్వని దుకాణదారు తన కవచాన్ని తానే పారేసుకుంటున్నాడు.

---

పాత ఏఓ | నవంబరు 23, మధ్యాహ్నం 12:30

వ్యవసాయ శాఖలో ఏఓగా, అంటే వ్యవసాయ అధికారిగా, ముప్పై ఏళ్లు పనిచేసి విరమించాను. మిర్చితోట గారి పొలానికి ఆలస్యంగా వెళ్లిన అధికారి స్థానంలో నేనూ ఉండి ఉంటాను. అప్పట్లో రెండు మండలాలకు నేను ఒక్కడినే. ఇది సాకు కాదు, తప్పు జరిగిందని ఒప్పుకుంటూనే చెబుతున్నాను.

విత్తన లోపం రెండు రకాలు. మొలక లోపం పది రోజుల్లో తెలుస్తుంది. వరికి 80 శాతం, మిరపకు 60 శాతం కనీస మొలక ఉండాలి. అది ల్యాబ్‌లో తేలిపోయే విషయం. జన్యు స్వచ్ఛత లోపం అలా కాదు. బెరుకు మొక్కలు, అంటే కలిసిపోయిన వేరే రకం మొక్కలు, పూతకో కాతకో గానీ బయటపడవు. అప్పటికి రైతు పెట్టుబడి అంతా పెట్టేసి ఉంటాడు. ఆ లోపం స్పష్టంగా కనిపించే కాలం చాలా తక్కువ, మిరపలో మూడు వారాలు అనుకోండి. ఆ మూడు వారాల్లో ఎవరూ రాకపోతే సాక్ష్యం పొలంలోనే ఎండిపోతుంది. నా ఉద్యోగ జీవితంలో రైతులు ఓడిపోయిన కేసులన్నీ దాదాపు ఇక్కడే ఓడిపోయాయి. కాబట్టి ఫిర్యాదు అందిన ఇన్ని రోజుల్లో పొలం చూసి పంచనామా రాయాలన్న గడువు చట్టంలోనే ఉండాలి. గడువు దాటితే రైతు మాటే నిజమని భావించి, కాదని రుజువు చేసే భారం కంపెనీ మీద పెట్టాలి.

ఇంకొకటి చాలామందికి తెలియదు. 1966 చట్టం నోటిఫై అయిన, అంటే ప్రభుత్వం అధికారికంగా ప్రకటించిన, రకాలకే వర్తిస్తుంది. ప్రైవేటు హైబ్రిడ్లలో చాలా వరకు నోటిఫై కానివే, "ఇందులో ఉన్నది ఇదే" అని కంపెనీ తన మాట మీద లేబుల్ వేసి అమ్మేవి. కొత్త ముసాయిదాలో రకాల నమోదు, సాగు పరీక్షలు తప్పనిసరి చేయడం నిజంగా ముందడుగు. అది ఒప్పుకోవాలి.

బీటీ పత్తి చరిత్ర కూడా గుర్తు చేస్తాను. 2002లో దేశంలో అనుమతి వచ్చింది. వరంగల్ ప్రాంతంలో పంట దెబ్బతిని పరిహారం దగ్గర పెద్ద వివాదం నడిచింది. 2005లో మెక్-12, మెక్-162, మెక్-184 రకాలకు అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో అనుమతి కొనసాగించలేదు. రకాన్ని ఆపగలిగారు, సరే. రైతు గడప దగ్గరికి డబ్బు చేర్చడం మాత్రం దానికంటే చాలా కష్టమైంది.

---

కౌలు సేద్యం | నవంబరు 23, మధ్యాహ్నం 2:10

నేను మహబూబాబాద్ జిల్లాలో కౌలుకు పత్తి, మిరప వేస్తాను. భూమి నాది కాదు. మిర్చితోట గారి లాగా బిల్లు కూడా నా దగ్గర ఉండదు. అప్పు మీద ఇస్తారు, డబ్బు కట్టాక బిల్లు అంటారు. మిరప నారు ఇప్పుడు షేడ్‌నెట్ నర్సరీల్లో కొంటున్నాం. వాళ్లు ఏ ప్యాకెట్టు విత్తనం పోశారో మాకు తెలియదు. నారు బిల్లులో రకం పేరు, లాటు నంబరు ఏవీ ఉండవు. నాలాంటి వాళ్ల కోసం ఏమి రాస్తారు?

---

వినియోగ న్యాయవాది (కర్నూలు) | నవంబరు 23, మధ్యాహ్నం 3:35

చెల్లెమ్మా, భూమి ఎవరి పేరున ఉందన్నది వినియోగదారు హక్కుకు అడ్డు కాదు. విత్తనం కొన్నది ఎవరు, సాగు చేసింది ఎవరు అన్నదే ముఖ్యం. ఉద్యాన నర్సరీల నమోదుకు ఉమ్మడి రాష్ట్రంలో 2010లో చట్టం చేశారు. నర్సరీ బిల్లు మీద విత్తనం లాటు నంబరు ఉండాలని మన లేఖలో చేర్చాలి. ఇది నాకు తట్టలేదు, మీరు చెప్పడం మంచిదైంది. ప్రస్తుతానికి నారు తెచ్చుకునే రోజున నర్సరీలో ఖాళీ ప్యాకెట్ల ఫోటో తీసుకోండి. ఫోనులో చెల్లింపు చేస్తే ఆ రసీదు కూడా సాక్ష్యమే.

ఇంకో సంగతి చాలామందిని భయపెడుతుంది, అది తీర్చేస్తాను. జిల్లా కమిషన్‌లో కేసు వేయడానికి రుసుము మీరు కోరే పరిహారాన్ని బట్టి ఉండదు, వస్తువుకు మీరు చెల్లించిన ధరను బట్టి ఉంటుంది. అయిదు లక్షల దాకా అసలు రుసుమే లేదు. అంటే ఇరవై వేల విత్తనం కొని పది లక్షల నష్టం అడిగినా రుసుము సున్నా. మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. న్యాయవాది లేకుండా మీరే వాదించుకోవచ్చు. రెండేళ్ల లోపు వేయాలి. ల్యాబ్ పరీక్ష అవసరమైతే అయిదు నెలల్లో, లేకపోతే మూడు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టం. ఆచరణలో అంతకంటే చాలా ఎక్కువ పడుతోంది, దాచను. కానీ కంపెనీ అప్పీలుకు వెళ్లాలంటే తీర్పు సొమ్ములో సగం ముందు జమ చేయాలి. సామాన్యుడి చేతిలో ఇంత బలమైన పనిముట్టు మరో చట్టంలో నేను చూడలేదు. అందుకే దీన్ని మొండి చేసే ఏ మార్పునైనా అడ్డుకోవాలంటున్నాను.

---

బ్రీడర్ | నవంబరు 23, రాత్రి 7:20

ఇక్కడ ఎదురుమాట చెప్పేవాళ్లు తక్కువగా ఉన్నారు కాబట్టి నేను చెబుతాను. నేను ఒక విత్తన కంపెనీలో కూరగాయల రకాల మీద పనిచేస్తాను. మోసం చేసే వాళ్లను నేను వెనకేసుకు రాను. కానీ మిరపలో కాయ పట్టకపోవడానికి విత్తనం ఒక్కటే కారణం కాదు. ఎండ తీవ్రత పెరిగితే పూత రాలుతుంది. తామర పురుగు 2021లో తోటలకు తోటలనే తుడిచిపెట్టింది. మొన్న అక్టోబరు చివర మొంథా తుపాను వచ్చింది, నీరు నిలిచిన తోటల్లో వేరు కుళ్లింది. ఇవన్నీ విత్తనం ఖాతాలో వేస్తే మంచి రకాలు తయారు చేసేవాడు కూడా నిలవలేడు. వినియోగదారుల కమిషన్‌లో కూర్చున్న వారికి జన్యుశాస్త్రం తెలియదు. అందుకని మొదట శాస్త్రవేత్తల కమిటీ పరిశీలించాలి, విత్తన లోపమని కమిటీ ధ్రువీకరించాకే కమిషన్‌కు వెళ్లే వీలుండాలి. పరిహారానికి కూడా ఒక పరిమితి ఉండాలి. అది రైతుకు వ్యతిరేకం కాదు, సక్రమంగా ఉండటం కోసం.

---

పాత ఏఓ | నవంబరు 23, రాత్రి 8:05

బ్రీడర్ గారూ, మీ మాటలో శాస్త్రం ఉంది. కానీ కమిటీలో కూర్చున్నవాడిగా చెబుతున్నాను, కమిటీ తేదీ కుదిరేసరికి పంట కాలం దాటిపోతుంది. నివేదికలో "అనేక కారణాలు ఉండవచ్చు" అని రాసి సంతకాలు పెడతారు. ఆ ఒక్క వాక్యంతో రైతుకు తలుపు మూసుకుపోతుంది. కమిటీ సభ్యులు చెడ్డవాళ్లని కాదు. స్పష్టంగా రాసే ధైర్యం అందరికీ ఉండదు.

---

వినియోగ న్యాయవాది (కర్నూలు) | నవంబరు 23, రాత్రి 8:48

కమిటీ నివేదిక సాక్ష్యం కావాలి, కాదనను. గుమ్మం కాకూడదు. సాక్ష్యమైతే దాన్ని కమిషన్ తూస్తుంది, రైతు ప్రశ్నించవచ్చు, రెండో నిపుణుడిని పిలిపించవచ్చు. గుమ్మమైతే అది తెరవకపోతే రైతు ఇంటికి వెళ్లాలి. 2012 కేసులో కార్పొరేషన్ అడిగింది కూడా దాదాపు ఇదే. ల్యాబ్ నివేదిక లేదు కాబట్టి ఫిర్యాదే చెల్లదంది. కోర్టు ఒప్పుకోలేదు.

పరిహారానికి పరిమితి అంటే ఎంత? కొన్ని ప్యాకెట్ల వెనుక చిన్న అక్షరాల్లో "మా బాధ్యత విత్తనం ధరకే పరిమితం" అని అచ్చు వేస్తారు. దాన్నే చట్టంగా మార్చమంటారా? మిర్చితోట గారికి ముప్పై ప్యాకెట్ల డబ్బు ఇచ్చి, మూడు ఎకరాల దున్నకం, కూలి, మందులు, ఏడాది జీవితం మీవే అనాలా? వినియోగదారు మీద అలాంటి షరతు మోపడాన్ని అన్యాయమైన ఒప్పందమని 2019 చట్టమే అంటోంది. దాని మీద రాష్ట్ర కమిషన్‌కు వెళ్లవచ్చు.

ఎండ, పురుగు, తుపాను వల్ల నష్టమైతే కంపెనీ అది నిరూపించుకోవచ్చు. మందులు, వస్త్రాలు, వాహనాలు తయారు చేసేవాళ్లందరూ చేసే పనే అది. విత్తనాలకు మాత్రం వేరే న్యాయం ఎందుకు?

---

బ్రీడర్ | నవంబరు 23, రాత్రి 9:30

గుమ్మం, సాక్ష్యం అన్న తేడా ఒప్పుకుంటున్నాను. కమిటీ సాక్ష్యంగా ఉంటే నాకు అభ్యంతరం లేదు. పరిమితి విషయంలో నా అభిప్రాయం మారలేదు, చిన్న కంపెనీలు ఒక్క తీర్పుతో మూతపడతాయన్న భయం నాకు నిజంగా ఉంది.

మీకు పనికొచ్చే మాట ఒకటి చెబుతాను. ప్రతి లాటు నుంచి కొంత విత్తనం గార్డు శాంపిలుగా కంపెనీలు పక్కన పెడతాయి. ఫిర్యాదు వస్తే అది పరీక్షించాలి. గ్రో అవుట్ పరీక్ష అంటే మళ్లీ మొక్క పెంచి చూడటం, ఒక సీజను పడుతుంది. డీఎన్‌ఏ పరీక్ష అయితే రోజుల్లో తేలుతుంది, హైదరాబాదులో దానికి ప్రభుత్వ ల్యాబ్ ఉంది. ఆ గార్డు శాంపిలు కంపెనీ దగ్గరే కాకుండా ఒక భాగం రాష్ట్ర ల్యాబ్‌లో కూడా సీలు వేసి ఉంచాలని అడగండి. నిజాయితీగా పనిచేసే కంపెనీకి అందులో నష్టమేమీ లేదు. మిర్చితోట గారి తోటలాంటి చోట గట్టుకు ఇటు అటు తేడా ఉందంటే, ఆకు నమూనా తీసి ఆ శాంపిలుతో పోల్చి ఉంటే వారంలో నిజం తెలిసేది.

---

మిర్చితోట | నవంబరు 23, రాత్రి 10:02

బ్రీడర్ గారూ, రెండేళ్లలో ఈ సంగతి నాకు చెప్పిన మొదటి మనిషి మీరే. ఆకు నమూనా తీయవచ్చని కూడా నాకు తెలియదు. పంట పీకేసినప్పుడు ఆకులన్నీ మంటలో వేశాం. ధన్యవాదాలు.

---

పల్నాడు పత్తి | నవంబరు 24, ఉదయం 7:30

వినియోగదారుల చట్టమే కాకుండా 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టంలో కూడా పరిహారం ఉంది, 39వ సెక్షన్‌లో రెండో భాగం. నమోదైన రకం ఏ పరిస్థితుల్లో ఎంత దిగుబడి ఇస్తుందో అమ్మేవాడు రైతుకు చెప్పాలి, అంత రాకపోతే ఆ చట్టం కింద ఏర్పాటైన ప్రాధికార సంస్థ పరిహారం నిర్ణయిస్తుంది. కానీ అది ఆ చట్టం కింద నమోదైన రకాలకే. సంస్థ ఢిల్లీలో ఉంది. మా ఊరి నుంచి ఎవరూ వెళ్లగా నేను చూడలేదు. అయినా ఒక సూత్రం అక్కడ దొరుకుతుంది: ఇంత దిగుబడి వస్తుందని చెప్పి అమ్మినవాడు ఆ మాటకు కట్టుబడాలి. దాన్ని కొత్త బిల్లులోకి తేవచ్చు. రంగుల కరపత్రాల్లో ఎకరాకు ఇన్ని క్వింటాళ్లని వేసే అంకెలకు చట్టంలో విలువ ఉండాలి.

---

కృష్ణాడెల్టా | నవంబరు 24, ఉదయం 8:12

మొదట బిల్లుకు మద్దతుగా రాశాను. చదువుతూ వచ్చాక నా అభిప్రాయం కొంత మారింది. క్యూఆర్ కోడ్ కావాలి, జరిమానా కావాలి, పరిహారం కూడా కావాలి. మూడోది లేకుండా మొదటి రెండూ సరిపోవు.

ఒక సందేహం. అధికారులు గట్టిగా నిలబడితే చట్టం లేకపోయినా పరిహారం వస్తుంది కదా? ఈ ఏడాది ములుగు జిల్లా మొక్కజొన్న విత్తనోత్పత్తి రైతులకు అలాగే వచ్చింది.

---

కౌలు సేద్యం | నవంబరు 24, ఉదయం 9:40

వచ్చింది, సంతోషించాను. ఆ రైతులు వందల మంది కలిసి రోడ్డెక్కారు, పత్రికలు రాశాయి, మంత్రుల దాకా వెళ్లింది. మా తండాలో విత్తనం పోయినవాళ్లం నలుగురం. నలుగురి కోసం ఎవరు వస్తారు? మాకు చట్టం కావాలి. మొంథా తర్వాత పొలాలు చూడటానికి వచ్చినవాళ్లు నీట మునిగింది రాసుకున్నారు. విత్తనం సంగతి ఎత్తితే ఇప్పుడు దాని గురించి కాదన్నారు. నిజమే, తుపాను వచ్చాక ఏది దేనివల్ల పోయిందో నేనూ చెప్పలేను. తుపానుకు ముందే అక్టోబరు మొదట్లో ఫిర్యాదు ఇచ్చాను. అప్పుడు వచ్చి ఉంటే తెలిసేది. పాత ఏఓ గారు చెప్పిన గడువు లేఖలో మొదట పెట్టండి.

---

మిర్చితోట | నవంబరు 25, రాత్రి 9:15

మీరందరూ చెప్పినవి కలిపి రాశాను. చదవండి.

"విత్తన లోపం వల్ల నష్టపోయిన రైతు, కౌలు రైతు సహా, వినియోగదారుల పరిరక్షణ చట్టం–2019 కింద పరిహారం కోరే హక్కుకు ఈ చట్టంలోని ఏదీ అడ్డు కాదని బిల్లులో స్పష్టంగా రాయాలి. శాస్త్రవేత్తల కమిటీ నివేదిక సాక్ష్యంగా ఉండాలి గానీ ఫిర్యాదుకు ముందస్తు షరతు కాకూడదు. ఫిర్యాదు అందిన ఏడు రోజుల్లో పొలం పరిశీలించి పంచనామా ప్రతి రైతుకు ఇవ్వాలి, లేనిపక్షంలో లోపం లేదని రుజువు చేసే భారం ఉత్పత్తిదారుదే. ప్రతి లాటు గార్డు శాంపిలులో ఒక భాగం రాష్ట్ర ల్యాబ్‌లో సీలు వేసి ఉంచాలి. నర్సరీ నారు బిల్లు మీద రకం, లాటు నంబరు ఉండాలి. బాధ్యత విత్తనం ధరకే పరిమితమనే అచ్చు షరతులు చెల్లవని చెప్పాలి. కరపత్రంలో ప్రకటించిన దిగుబడిని హామీగా పరిగణించాలి. సీలు తెరవకుండా, సరిగా నిల్వ చేసి, బిల్లుతో అమ్మిన చిల్లర వ్యాపారికి రక్షణ ఉండాలి."

---

విత్తనాల అంగడి | నవంబరు 25, రాత్రి 9:50

చివరి వాక్యానికి కృతజ్ఞతలు. నేనూ సంతకం పెడతాను. మా అంగళ్ల సంఘంలో కూడా చదివి వినిపిస్తాను. అందరూ ఒప్పుకుంటారని చెప్పలేను.

---

బ్రీడర్ | నవంబరు 25, రాత్రి 10:20

ఏడు రోజులు అన్నది కష్టం, పది పెట్టండి. దిగుబడి హామీ దగ్గర "సిఫార్సు చేసిన సాగు యాజమాన్యం పాటించినప్పుడు" అన్న మాట చేర్చండి. అది లేకపోతే ఆ వాక్యాన్ని ఎవరూ పట్టించుకోరు. నేను సంతకం పెట్టలేను, నా ఉద్యోగం ఒప్పదు. గార్డు శాంపిలు సంగతి మాత్రం వదలకండి.

---

పాత ఏఓ | నవంబరు 26, ఉదయం 6:15

యాజమాన్యం మాట చేర్చండి, అది న్యాయమే. ఏడు రోజులు మాత్రం తగ్గవద్దు. మిరప కాయకు పది రోజులు ఆగే ఓపిక ఉండదు.

---

కౌలు సేద్యం | నవంబరు 26, ఉదయం 10:30

తెలుగులో పంపవచ్చా? మా తండాలో చదివి వినిపించాను. పదిహేడు మంది సంతకాలు, వేలిముద్రలు పెట్టారు. ఫోటో తీసి పంపుతాను.

---

వినియోగ న్యాయవాది (కర్నూలు) | నవంబరు 26, ఉదయం 11:05

తెలుగు ప్రతి పంపండి, దానికి ఇంగ్లీషు అనువాదం నేను ఈ రాత్రికి చేసి ఇస్తాను. రెండూ జత చేయండి. మీ జిల్లా పార్లమెంటు సభ్యుడికీ ఒక ప్రతి పంపండి, బిల్లు చివరకు ఓటుకు వచ్చేది వాళ్ల ముందుకే. మిర్చితోట గారూ, మీ 2023 కేసు సంగతి. కాతలో లోపం బయటపడిన రోజు నుంచి రెండేళ్లు లెక్కిస్తారు. అది డిసెంబరులో అయితే ఇంకా కొన్ని రోజులు మిగిలి ఉన్నాయి. ఈ వారమే కాగితాలు తీసుకుని రండి లేదా మీ జిల్లాలో దాఖలు చేయండి. గడువు దాటినా ఆలస్యానికి సరైన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు, కానీ దాని మీద ఆధారపడకండి.

---

మిర్చితోట | నవంబరు 28, సాయంత్రం 5:40

లేఖ పంపాను. ఏడు రోజులే ఉంచాను. మొత్తం 64 సంతకాలు అయ్యాయి.

నిన్న ఖమ్మం వెళ్లి జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు కూడా దాఖలు చేశాను. ఉద్యాన అధికారికి దరఖాస్తు ఇచ్చిన తేదీ 2023 డిసెంబరు 4. ఆ రసీదు ఉండటం మంచిదైందని అక్కడి గుమస్తా అన్నారు. ఖాళీ ప్యాకెట్లు ముప్పైలో ఇరవై ఆరు దొరికాయి. ఎలుకలు కొరికినా లాటు నంబరు అన్నింటి మీదా చదవడానికి వస్తోంది.